తలుపు దగ్గర ఆగిన విద్యార్థి
ప్రాచీన యూదు రబ్బీలు ధర్మాన్ని ఎలా నిర్ణయించారు?



ఇది సుమారు రెండు వేల సంవత్సరాల క్రిందటి కథ. హిల్లెల్ అనే పేదవాడు చదువు కోసం బాబిలోను నుండి యెరూషలేముకు వచ్చాడు. రోజూ కూలి చేసేవాడు. వచ్చిన కూలిలో సగం ఇంటి ఖర్చుకు, మిగిలిన సగం విద్యాశాల కాపలాదారుకు. ఆ రుసుము చెల్లిస్తేనే లోపలికి ప్రవేశం. శీతకాలంలో ఒక శుక్రవారం అతనికి పని దొరకలేదు. కాపలాదారు లోపలికి రానివ్వలేదు. హిల్లెల్ కప్పు మీదికి ఎక్కి, వెలుతురు కోసం విడిచిన గవాక్షం దగ్గర పడుకుని, లోపల షెమాయా, అవ్తాల్యోన్ అనే గురువులు చెప్పే పాఠం వింటూ ఉండిపోయాడు. రాత్రి మంచు కురిసింది. తెల్లవారినా గది చీకటిగా ఉండడం చూసి గురువులు తల ఎత్తారు. గవాక్షానికి అడ్డంగా ఒక మనిషి ఆకారం కనిపించింది.

అతనిని దింపి, స్నానం చేయించి, నూనె రాసి, నిప్పు ఎదుట కూర్చోబెట్టారు. ఆ రోజు యూదులకు విశ్రాంతి దినం; ఆ పనులు చేయరాదు. అయినా ఇటువంటి వాని కోసం ఆ నియమాన్ని పక్కన పెట్టడం తగినదేనని గురువులు అన్నారట.

పేదరికాన్ని చదువు మానడానికి సాకుగా చూపరాదని చెప్పడానికి యూదుల మహాగ్రంథమైన తల్ముద్ ఈ కథను చెబుతుంది. అయితే ఈ కథ వినగానే మనకు మరొక ప్రశ్న కూడా తోస్తుంది. విద్యాశాలలో కూర్చుని వాదించేవారే ధర్మాన్ని నిర్ణయించే పద్ధతి ఉన్నప్పుడు, రుసుము లేక తలుపు బయట ఆగిపోయినవారి ఆలోచన ఏమవుతుంది? రబ్బీల పద్ధతిని తెలుసుకుంటూ, ఈ ప్రశ్నకు వారి గ్రంథంలోనే ఉన్న సమాధానాన్ని కూడా చూద్దాం.

నియమం ఉంది, వివరం లేదు

యూదుల మూల ధర్మశాస్త్రం పేరు తోరా. మోషే పేరుతో ప్రసిద్ధమైన అయిదు కాండాలు ఇందులో ఉన్నాయి. ఏడవ రోజున, అంటే సబ్బాతు నాడు, పని చేయరాదని తోరా ఆజ్ఞ. అయితే పని అంటే ఏమిటి? రొట్టె కాల్చడం పనేనా? ముడి వేయడం? రెండు అక్షరాలు వ్రాయడం? తోరాలో ఇటువంటి పట్టిక లేదు. కాబట్టి ఎవరో ఒకరు కూర్చుని ఆలోచించి చెప్పాలి. తరువాతి పండితులు ఆ రోజు చేయకూడని పనులను 39 రకాలుగా విభజించారు. పైన చెప్పిన మూడూ వాటిలో ఉన్నాయి.

ఈ పండితులనే రబ్బీలు అంటారు. ఆ మాటకు 'నా గురువు' అని అర్థం. క్రీ.శ. 70లో రోమన్ సైన్యం యెరూషలేము దేవాలయాన్ని నాశనం చేసింది. బలులు, దేవాలయ సేవ ఆగిపోయాయి. ఆ కష్టకాలంలో యోహానాన్ బెన్ జక్కై అనే గురువు యవ్నే అనే ఊరిలో పండితులను సమకూర్చారు. దేవాలయం లేని సమాజానికి చదువు, ప్రార్థన, ధర్మచర్చ ఆధారమయ్యాయి.

గురువు నుండి శిష్యునికి నోటిమాటగా వచ్చిన బోధనలను సుమారు క్రీ.శ. 200లో యూదా హ నాసి అనే రబ్బీ క్రోడీకరించారు. ఆ గ్రంథం మిష్నా. ఇందులో 6 భాగాలు, 63 ప్రకరణాలు ఉన్నాయి. మిష్నా మీద తరువాతి తరాల చర్చలన్నీ చేరి తల్ముద్ అయింది. తల్ముద్‌లు రెండు. పాలస్తీనా పండితులది సుమారు క్రీ.శ. 400 నాటికి రూపొందింది. బాబిలోను పండితులది ఆ తరువాత ఒకటి రెండు శతాబ్దాలకు ఒక రూపానికి వచ్చింది. ఎక్కువ ప్రామాణ్యం బాబిలోను తల్ముద్‌కే.

ఒక మాట గుర్తుంచుకోవాలి. ఈ వ్యాసంలోని కథలు చాలావరకు సంఘటనలు జరిగాయన్న కాలానికి ఎన్నో తరాల తరువాత గ్రంథస్థమైనవి. వీటిలోని ప్రతి వివరాన్నీ చరిత్రగా తీసుకోలేము. కాని రబ్బీలు ఏ పద్ధతిని మంచిదని భావించారో ఇవి స్పష్టంగా చెబుతాయి.

అర్థం తీసే సాధనాలు

హిల్లెల్ తరువాత పెద్ద గురువు అయ్యాడు. అతను నాయకుడైన కథలోనే రబ్బీల వాదన పద్ధతి కనిపిస్తుంది. ఒక సంవత్సరం పస్కా పండుగ ముందు రోజు సబ్బాతు నాడు వచ్చింది. ఆ రోజు పస్కా గొర్రెపిల్లను బలి ఇవ్వాలి. సబ్బాతు నాడు అటువంటి పని చేయరాదు. ఏది మానాలి? అప్పటి పెద్దలకు గుర్తు లేదు. హిల్లెల్‌ను పిలిపించారు.

హిల్లెల్ రెండు వాదనలు చెప్పాడు. మొదటిది మన తర్కంలో కైముతిక న్యాయం అనే పద్ధతి. చిన్నదానికే వర్తించినది పెద్దదానికి వర్తిస్తుందని వేరే చెప్పాలా? తరగతి పరీక్షలో చూచి వ్రాయడమే తప్పయితే పబ్లిక్ పరీక్షలో తప్పని మళ్ళీ చెప్పనక్కరలేదు గదా. దేవాలయంలో నిత్యబలి సబ్బాతు నాడు కూడా ఆగదు. దానిని మానితే కఠినశిక్ష లేదు. పస్కా బలి మానితే కఠినశిక్ష ఉంది. నిత్యబలే ఆగనప్పుడు పస్కా బలి ఎలా ఆగుతుంది?

రెండవది సమానపదం ఆధారంగా చేసే వాదన. నిత్యబలి గురించి చెప్పిన చోట, పస్కా బలి గురించి చెప్పిన చోట, 'నియమిత కాలంలో' అనే ఒకే మాట తోరాలో వచ్చింది. మాట ఒకటే కనుక విధి కూడా ఒకటేనని హిల్లెల్ వాదించాడు.

పెద్దలు ఒప్పుకుని అతనినే నాయకునిగా కూర్చోబెట్టారు. హిల్లెల్ కాస్త గర్వంగా వారిని మందలించాడట. వెంటనే ఎవరో మరొక ప్రశ్న వేశారు: బలికి కావలసిన కత్తిని సబ్బాతుకు ముందే తెచ్చుకోవడం మరచిపోతే ఏం చేయాలి? హిల్లెల్‌కు సమాధానం గుర్తు రాలేదు. జనాన్ని గమనించండి, వారు ప్రవక్తల సంతతి, అని మాత్రం అన్నాడు. మరునాడు చూస్తే, జనం కత్తిని గొర్రెపిల్ల ఉన్నిలోనో, మేకపిల్ల కొమ్ముల మధ్యనో గుచ్చి తోలుకుని వచ్చారు. మనిషి మోయలేదు, పని జరిగింది. అది చూడగానే తన గురువులు చెప్పిన నియమం హిల్లెల్‌కు గుర్తు వచ్చింది. పండితుడు మరచినది సామాన్యుల ఆచారంలో భద్రంగా ఉందన్నమాట.

ఇటువంటి వ్యాఖ్యాన సూత్రాలు 7 అని హిల్లెల్ పేరుతో, 13 అని రబ్బీ ఇష్మాయేలు పేరుతో జాబితాలు ఉన్నాయి. సాధనాలకు హద్దులు కూడా పెట్టారు. సమానపదం వాదనను ఎవరికి తోచినట్లు వారు చేయరాదు. గురుపరంపరలో వచ్చి ఉండాలి. కైముతిక న్యాయంతో తీసిన ఫలితం మూలంలో ఉన్నదానిని మించరాదు. తెలివి ఉంది కదా అని దేనినైనా దేనితోనైనా ముడిపెట్టకుండా ఈ కట్టుబాట్లు ఆపేవి.

కంటికి కన్ను: ఒక నిడివైన ఉదాహరణ

కంటికి కన్ను, పంటికి పన్ను అనే నియమం తోరాలో ఉన్నదని చాలామంది విన్నారు. కన్ను పోగొట్టినవాని కన్ను తీసేయాలని దాని పైకి కనిపించే అర్థం. రబ్బీలు మాత్రం దానిని నష్టపరిహారం చెల్లించడంగా నిర్ణయించారు. ఎలా?

తల్ముద్‌లో ఒక వాదన తరువాత మరొకటి వస్తుంది. ఒకరి కన్ను పెద్దది, మరొకరిది చిన్నది అయితే అవి సమానం ఎలా అవుతాయి? అసలే గుడ్డివాడు మరొకని గుడ్డివానిని చేస్తే అతని నుండి ఏ కన్ను తీస్తారు? అందరికీ ఒకే న్యాయం ఉండాలని తోరాయే చెబుతున్నది గదా! కన్ను తీసేటప్పుడు ఆ మనిషి ప్రాణమే పోతే? అప్పుడు కంటికి కన్ను మాత్రమే గాక ప్రాణం కూడా తీసినట్లే. ఇవి లోకానుభవం నుండి వచ్చిన వాదనలు.

మరికొన్ని వాక్యం నుండి వచ్చినవి. హంతకుని ప్రాణానికి బదులుగా సొమ్ము తీసుకోరాదని సంఖ్యాకాండంలో ఉన్నది. హంతకుని విషయంలో ప్రత్యేకంగా వద్దన్నారంటే, అవయవాల విషయంలో సొమ్ము తీసుకోవచ్చుననే గదా అర్థం అని రబ్బీలు అన్నారు. ఈ వాదనలలో కొన్నింటికి తల్ముద్ తానే ఆక్షేపణ చెబుతుంది. ఒకటి నిలవకపోతే మరొకటి తెస్తుంది. చివరకు పరిహారాన్ని అయిదు పద్దులుగా లెక్కించమన్నారు: అవయవ నష్టం, నొప్పి, వైద్యం ఖర్చు, పని చేయలేని రోజుల నష్టం, అవమానం. ఈ రోజు ప్రమాద పరిహారం కేసులలో మనం వినే పద్దులకు ఇవి ఎంత దగ్గరగా ఉన్నాయో గమనించండి.

రబ్బీ ఎలియెజెరు ఒక్కరే ఆ మాటను అక్షరార్థంలోనే తీసుకోవాలన్నట్లు అక్కడ ఉంది. ఆ మాటను తల్ముద్ చెరిపివేయలేదు. ఇంత పెద్ద పండితుడు అలా ఎందుకు అన్నాడని ఆశ్చర్యపడి, దానికి మరొక అర్థం ఉందేమోనని వెతికింది. ఈ ఎలియెజెరును మనం మళ్ళీ కలుస్తాము.

అవసరం ఎదురైనప్పుడు

ప్రతి ఏడవ సంవత్సరం అప్పులు రద్దు కావాలని తోరాలో ఉన్నది. బీదలకు మేలు చేయాలన్నదే దాని ఉద్దేశం. కాని గడువు దగ్గర పడే కొద్దీ ధనవంతులు అప్పు ఇవ్వడం మానుకున్నారు. బీదవాని కోసం పెట్టిన నియమం వల్ల బీదవానికే అప్పు పుట్టలేదు. అది చూసి హిల్లెల్ 'ప్రొస్బుల్' అనే పత్రాన్ని ప్రవేశపెట్టాడు. అప్పు ఇచ్చినవాడు తన బాకీలను న్యాయస్థానానికి అప్పగిస్తున్నట్లు అందులో వ్రాస్తాడు. అలా అప్పగించిన బాకీ రద్దు కాదు. నియమం అక్షరం అలాగే ఉంది, బీదవానికి మళ్ళీ అప్పు దొరికింది. ఇది తోరాను దాటడం కాదా అని తరువాతి రబ్బీలే ప్రశ్నించారు. ఆ చర్చ కూడా తల్ముద్‌లో ఉంది.

ఎవరి మాట నిలుస్తుంది?

వాదనలు రెండు వైపులా బలంగా ఉంటే ఏం చేయాలి? సాధారణ నియమం, అధిక సంఖ్యాకుల మాట నిలుస్తుంది. అయితే సంఖ్య లెక్కపెట్టే ముందు జాగ్రత్తలు ఉన్నాయి. మిష్నా ప్రకారం మరణశిక్ష పడదగిన కేసును 23 మంది న్యాయమూర్తులు విచారించాలి. చిన్నవారు ముందుగా అభిప్రాయం చెప్పాలి. పెద్దలు ముందు మాట్లాడితే చిన్నవారు ఎదురు చెప్పడానికి జంకుతారు. విడిచిపెట్టడానికి ఒక్కరి ఆధిక్యం చాలు, శిక్షించడానికి ఇద్దరి ఆధిక్యం కావాలి. న్యాయమూర్తుల ఎదుట మూడు వరుసలలో శిష్యులు కూర్చుంటారు. నిందితుని రక్షించే వాదన తన వద్ద ఉందని ఒక శిష్యుడు అంటే, అతనిని పైకి పిలిచి న్యాయమూర్తుల మధ్య కూర్చోబెట్టాలి. ఈ నియమాలు ఎంతవరకు అమలు జరిగాయన్నది వేరే విషయం. చదువుకునే కుర్రవాని మాటకు అక్కడ ఇచ్చిన చోటు చూడండి.

హిల్లెల్ శిష్యులకు, షమ్మయ్ అనే గురువు శిష్యులకు ఎన్నో విషయాలలో భేదం ఉండేది. మూడు సంవత్సరాలు వాదించుకున్నారట. చివరకు రెండు పక్షాల మాటలూ దేవుని మాటలేనని, ఆచరణలో మాత్రం హిల్లెల్ పక్షాన్ని అనుసరించాలని ఆకాశవాణి పలికిందని తల్ముద్ చెబుతుంది. రెండూ సత్యమైతే హిల్లెల్ పక్షానికి ఎందుకు గెలుపు? వారు సౌమ్యులు, ఎదుటి పక్షం వాదనను కూడా తమ విద్యార్థులకు నేర్పేవారు, పైగా దానినే ముందు చెప్పేవారు.

ఓడిన అభిప్రాయాన్ని ఎందుకు వ్రాసి ఉంచాలని మిష్నా ఒకచోట అడుగుతుంది. ఏదో ఒక రోజు మరొక న్యాయస్థానం ఆ అభిప్రాయమే సరైనదని భావిస్తే దానికి ఆధారం ఉండాలి గదా, అన్నది అక్కడ చెప్పిన కారణాలలో ఒకటి.

కాపలాదారుని తీసివేసిన రోజు

యవ్నేలో రబ్బన్ గమలియేలు అధ్యక్షుడుగా ఉన్న కాలంలో, నెల ఏ రోజు మొదలైందన్న విషయంలో రబ్బీ యెహోషువ ఆయనతో విభేదించారు. యూదుల పండుగలన్నీ నెలపొడుపు మీద ఆధారపడినవి. ఊరికొక తేదీన పండుగ జరిగితే సమాజం నిలవదు. అందుకని, యెహోషువ లెక్క ప్రకారం ప్రాయశ్చిత్త దినమైన రోజునే చేతికర్ర, డబ్బుసంచి పట్టుకుని తన వద్దకు రావాలని గమలియేలు ఆజ్ఞాపించారు. అది మిక్కిలి పవిత్రమైన ఉపవాస దినం. ఆ వస్తువులతో ప్రయాణం చేయడం నిషిద్ధం. యెహోషువ బాధపడినా వెళ్ళారు. గమలియేలు లేచి ఆయన తలపై ముద్దు పెట్టుకుని, జ్ఞానంలో నీవు నాకు గురువు, మాట వినడంలో శిష్యుడవు అన్నారు.

ఇక్కడితో ఆగితే చక్కని కథ. కాని గమలియేలు తరువాత కూడా యెహోషువను అవమానించారు. సాయంకాల ప్రార్థన తప్పనిసరా, ఐచ్ఛికమా అన్న చర్చలో, భిన్నాభిప్రాయం చెప్పినందుకు ఆయనను సభలో నిలబెట్టి, తాను కూర్చుని ప్రసంగించారు. సభలో గొణుగుడు మొదలైంది. ఇంకెంతకాలం ఈ అవమానం అంటూ జనం ప్రసంగాన్ని ఆపించి, అధ్యక్షుని పదవి నుండి తొలగించారు. ఎలియాజరు బెన్ అజర్యా అనే యువకుని కూర్చోబెట్టారు.

గమలియేలు కాలంలో విద్యాశాల తలుపు దగ్గర ఒక కాపలాదారు ఉండేవాడు. లోపల ఒకటి, బయట ఒకటిగా ఉండే విద్యార్థి రాకూడదన్నది ఆయన నియమం. ఆ రోజు కాపలాదారుని తీసివేశారు. విద్యార్థులు ఎంతమంది వచ్చారంటే కొత్తగా 400 బల్లలు వేశారని ఒకరు, 700 అని మరొకరు చెబుతారు. అంతవరకు తేలకుండా ఉన్న ధర్మసందేహాలు ఒక్కటి మిగలకుండా ఆ రోజు తేలిపోయాయని తల్ముద్ అంటుంది. తాను ఇంతమందిని చదువుకు దూరం చేశానేమోనని గమలియేలు దిగులుపడ్డారు. పదవి పోయినా ఆయన చర్చకు రావడం మాత్రం మానలేదు.

తరువాత క్షమాపణ కోరడానికి యెహోషువ ఇంటికి వెళ్ళారు. గోడలు నల్లగా మసిబారి ఉన్నాయి. మీరు బొగ్గుల పని చేసి బ్రతుకుతారన్నట్లు ఉందే అన్నారు. పండితులు ఏ కష్టంతో పొట్ట పోసుకుంటున్నారో తెలియని నాయకుడున్న తరం ఎంత దురదృష్టకరమైనదో అని యెహోషువ జవాబిచ్చారు. ఏళ్ళ తరబడి పక్కపక్కన కూర్చుని వాదించిన మనిషి ఇంటి పరిస్థితి గమలియేలుకు ఆ రోజే తెలిసింది! చివరకు ఇద్దరూ రాజీపడ్డారు. గమలియేలు, ఎలియాజరు వారాలు పంచుకుని అధ్యక్షత వహించారు.

గెలిచినవారి బాధ్యత

ఒక మట్టిపొయ్యి శుద్ధమా, అశుద్ధమా అన్న చర్చలో రబ్బీ ఎలియెజెరు ఒక వైపు, మిగిలినవారంతా మరొక వైపు. ఆయన వాదనలను ఎవరూ అంగీకరించలేదు. నా మాట నిజమైతే ఈ చెట్టు రుజువు చేస్తుందన్నారు. చెట్టు పెకలించుకుని దూరం జరిగింది. కాలువ వెనుకకు పారింది. గోడలు వంగాయి. చివరకు ఆకాశవాణి కూడా ఆయన పక్షమే పలికింది. అప్పుడు యెహోషువ లేచి, ధర్మశాస్త్రం ఇప్పుడు ఆకాశంలో లేదని అన్నారు. అది మనుషుల చేతికి వచ్చింది. మనుషులు వాదించుకుని, అధిక సంఖ్య ప్రకారం తేల్చుకోవాలి. తన పిల్లలు తనను ఓడించారని దేవుడు నవ్వాడట.

ఈ భాగాన్ని ఎందరో ఉదాహరిస్తారు. తరువాతి భాగాన్ని కూడా చదవాలి. పండితులు ఎలియెజెరును వెలివేశారు. ఆ వార్త చెప్పడానికి రబ్బీ అకీవా నల్లని బట్టలు కట్టుకుని వెళ్ళి దూరంగా కూర్చున్నారు. ఎలియెజెరు కన్నీరు పెట్టారు. ఆ దుఃఖం వల్ల ఎన్ని అనర్థాలు వచ్చాయో తల్ముద్ చెబుతుంది. పైగా ఈ కథను మాటలతో ఒకరిని నొప్పించడం ఎంత తప్పో చెప్పే చర్చలో ఉంచారు. నిర్ణయంలో అధిక సంఖ్యాకులదే అధికారం. ఓడినవానితో ప్రవర్తించిన తీరులో వారు తప్పారు. రెండింటినీ ఒకే కథలో చెప్పుకోవడం ఆ సంప్రదాయం నిజాయితీకి గుర్తు.

ఆ విద్యాశాలలో స్త్రీలకు చోటు లేదనే చెప్పాలి. బెరూర్యా అనే విదుషి పేరు తల్ముద్‌లో గౌరవంగా వస్తుంది గాని, ఆమె వంటి పేర్లు అరుదు. ఇరవయ్యవ శతాబ్దంలోనే ఎన్నో యూదు సమాజాలలో బాలికలకు తల్ముద్ పాఠాలు తెరుచుకున్నాయి. అన్ని తలుపులూ ఒక్క రోజున తెరుచుకోలేదు.

మన విద్యార్థులకు

సొంత ప్రాంతానికి దూరంగా తరతరాలుగా స్థిరపడిన కుటుంబాలకు ఈ చరిత్ర కొత్తగా తోచదు. క్రీ.శ. మూడవ శతాబ్దంలో బాబిలోనులో షమూయేలు అనే గురువు, నివసించే రాజ్యపు చట్టం తమకూ చట్టమేనని నిర్ణయించారు. ఉన్న దేశపు చట్టాన్ని గౌరవిస్తూ, తమ చదువును ఇంట్లో, విద్యాశాలలో నిలుపుకున్నారు. మహారాష్ట్రలో ఉన్న మన పాఠకులు బెనె ఇస్రాయేలు యూదుల గురించి వినే ఉంటారు. కొంకణ తీరంలో నూనె గానుగలు ఆడించుకుంటూ, శనివారం పని మానినందుకు వారికి 'శనివార్ తేలీ' అనే పేరు వచ్చింది.

విద్యార్థులు ఈ పాఠం నుండి రెండు అలవాట్లు నేర్చుకోవచ్చు. సమాధానంతో పాటు కారణం వ్రాయండి. మీకు నచ్చని అభిప్రాయాన్ని, దానిని నమ్మేవారు ఒప్పుకునేంత చక్కగా ముందు చెప్పి, తరువాత మీ మాట చెప్పండి. తల్లిదండ్రులకు ఒక మనవి. పిల్లవాడు ఎందుకని అడిగినప్పుడు ఎదురు మాట్లాడుతున్నాడని అనుకోకండి. మూడు వరుసల శిష్యులలో ఒకడు లేచి నిలబడ్డాడనుకోండి.

చదువుకు సహాయం చేసేవారందరికీ యెహోషువ ఇంటి మసి గోడలు గుర్తుండాలి. తెలివైన పిల్లలు ఏ ఇంటి నుండి వస్తున్నారో, రుసుము కట్టలేక ఎవరు తలుపు దగ్గర ఆగిపోతున్నారో వెళ్ళి చూస్తేనే తెలుస్తుంది.

ఆలోచించి వ్రాయండి

1. కైముతిక న్యాయానికి మీ నిత్యజీవితం నుండి రెండు ఉదాహరణలు ఇవ్వండి. వాటిలో ఒకదానికి మీరే ఆక్షేపణ చెప్పండి.
2. కంటికి కన్ను అనే నియమం మీద రబ్బీల వాదనలలో మీకు బలమైనదిగా తోచినది ఏది? ఎందుకు?
3. పండుగ తేదీ విషయంలో యెహోషువ తన లెక్క సరైనదని నమ్మి కూడా వెళ్ళడం సరైనదేనా? రెండు పక్షాలూ వ్రాయండి.
4. కాపలాదారుని తీసివేసిన రోజునే తేలని సందేహాలన్నీ తేలాయని తల్ముద్ ఎందుకు చెప్పి ఉంటుంది?